యంత్రశాలలో అంకెల సాక్ష్యము



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నా చదువు పంచకావ్యములతోను వ్యాకరణముతోను మొదలైనది. ఇట్టివాడు యంత్రశాలలను గూర్చి మాటలాడుటకు పూనుకొనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేడు మన యూళ్లనుండి ఎందరో కొడుకులును, కూతుండ్రును, మనుమలును కర్మాగారములకు పనికి పోవుచున్నారు. పండుగకు వచ్చిన ఆ పిల్లలు ‘డేటా’ యనియు, ‘సెన్సారు’ అనియు, ‘స్మార్ట్ ఫ్యాక్టరీ’ యనియు తమలో తాము చెప్పుకొనుచుండగా మనము అరుగుమీద కూర్చుండి ఊరక తలలూపుచుందుము. వారి జీతమును, మర్యాదయు, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఆ మాటలతో ముడివడి యున్నవి. కావున వాని యర్థము తెలిసికొనుట మనకు తగని పని కాదు.

వస్తువు తయారగునప్పుడు దాని పొడవు, బరువు, యంత్రము యొక్క వేడి, వేగము, వణకు మొదలగువానిని కొలిచి వ్రాసి యుంచిన అంకెలే డేటా. ఆ యంకెలను ప్రశ్నించి సమాధానము రాబట్టుట విశ్లేషణము. ఆ సమాధానమునుబట్టి యంత్రము తన నడకను తానే సవరించుకొనునట్లు గాని, పనివాడు సవరించునట్లు గాని ఏర్పాటు చేసిన కర్మాగారమును స్మార్ట్ ఫ్యాక్టరీ యందురు. 2011 సంవత్సరమున జర్మనీ దేశములో హానోవరు నగరపు ప్రదర్శనమున దీనికి ‘ఇండస్ట్రీ 4.0’ అను పేరు పెట్టిరి. నాలుగవ పారిశ్రామికయుగమని దాని భావము. పేరు క్రొత్తది. మూలమైన ఆలోచన మాత్రము నూరేండ్లనాటిది. ఆ మూలము తెలిసినచో తక్కినదంతయు దానంతట బోధపడును.

రెండేండ్ల క్రిందట నా పాత శిష్యుడొకడు మా యింటికి వచ్చెను. చిన్న ఇనుప భాగములు తయారుచేయు నొక కార్ఖానాలో అతడు పనివాడు. దాని పేరు మనకు అక్కరలేదు. అచట నలుగురు పనివారు ఒకే తీరు యంత్రములపై దినమునకు 200 భాగముల చొప్పున చేయుదురు. అందు నూటికి నాలుగు, అనగా సగటున దినమునకు ఎనిమిది, పనికిరానివిగా తేలుచుండును. ఒకనాడు నా శిష్యుని పాలికి పదుమూడు చెడిపోయినవి. ఆ దినపు కూలి కోసిరి. అదేనాడు ప్రక్కవానికి నాలుగే చెడిపోగా, వాని పేరు నల్లబల్లపై వ్రాసి మెచ్చుకొనిరి. “నేను ఒళ్లు దాచుకొనలేదు మాస్టారూ. ఈ మాట పడలేను. పని మానివేసెదను” అని అతడు కంట తడిపెట్టుకొనెను. చేతిలో నలుగురు పనివారి నెలదినముల లెక్క కాగితము కలదు. మొత్తము 120 అంకెలు.

నేనతనికి వెంటనే ధైర్యము చెప్పలేదు. లోపలినుండి ఒక చాటెడు తెల్లజొన్నలు తెప్పించి, వానిలో నూటికి నాలుగు చొప్పున మినపగింజలు కలిపి, “కన్నులు మూసికొని 200 గింజలు తీయుము” అంటిని. అతడు తీసెను. అందు మినుములు తొమ్మిది. మరల కలిపి తీయగా ఐదు, మూడవసారి పండ్రెండు, నాలుగవసారి ఏడు. “పండ్రెండు తీసినప్పుడు నీవు సోమరివైతివా? ఐదు తీసినప్పుడు నిపుణుడవైతివా?” అని అడిగితిని. అతడు నవ్వెను. చేయి ఒక్కటే, చాట ఒక్కటే, కలిపిన పాలు ఒక్కటే. అయినను లెక్క ఊగుచునే యున్నది. ఈ యుక్తి నాది కాదు. అమెరికా దేశస్థుడైన డెమింగు పండితుడు తెల్లపూసలలో ఎర్రపూసలు కలిపి, సభలకు వచ్చిన పెద్ద పెద్ద అధికారులచేతనే ఇట్టి ఆట ఆడించెడివాడు.

ఇక నూరేండ్లనాటి ఆలోచన యేమనగా, ఊగులాట రెండు విధములు. ఒకటి, పని యొక్క స్వభావములోనే యుండునది; చాటలోని మినుముల వంటిది. రెండవది, బయటినుండి ఏదో కారణము వచ్చి పడుటచే కలుగునది. ఎవరో వచ్చి చాటలో మరి గుప్పెడు మినుములు పోసినట్టిది. మొదటిదానిని రెండవదిగా భ్రమించి ప్రతి ఊగునకును యంత్రమును తిప్పుచు పోయినచో పని బాగుపడుటకు మారు మరింత చెడును. రెండవదానిని మొదటిదిగా తలచి ఊరకున్నచో చెడుగు పెరుగును. ఈ రెంటిని వేరుచేయు ఉపాయమును వాల్టర్ షూహార్టు అను భౌతికశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. షికాగో నగరము చెంత హాథార్న్ అనుచోట టెలిఫోను సామగ్రి చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారము కోసము ఆయన పనిచేయుచుండెను. 1924 మే 16వ తేదీన తన పై అధికారికి ఒక చిన్న పత్రము వ్రాసి, అందొక పటము గీసి చూపెను. నడుమ సగటు గీత. పైని ఒక గీత, క్రింద ఒక గీత. వాని నడుమ దినదినపు లెక్కకు ఒక్కొక్క చుక్క. పటమంతయు ఇంతే.

ఆ పై గీత ఎచట గీయవలెనో నా శిష్యుని కాగితముపైననే లెక్కకట్టి చూపితిని. సగటు 8. దానిలో నూటికి 96 పాళ్లు 7.68. దాని వర్గమూలము ఇంచుమించు 2.8. దానికి మూడింతలు 8.3. సగటుకు దీనిని కలిపినచో పదునారు దాటును. తీసివేసినచో సున్నకు దిగును. అనగా ఏ కారణమును లేకుండనే ఒకనాటి చెడుగు సున్న మొదలు పదునారు వరకు ఎచటనైన నుండవచ్చును. మూడింతలే యేల యని మీరడుగవచ్చును. ఇట్టి గీతలను సహజమైన ఊగులాట దాటుట సుమారు వేయింటికి మూడుమారులు మాత్రమే. కావున చుక్క గీతను దాటినచో కారణమును వెదకుట దండుగ కాదు. దాటనిచో వెదకుట దండుగ.

ఇప్పుడు కాగితము చూడుడు. శిక్షపడిన పదుమూడు గీతకు లోపలనే యున్నది. మెప్పుపొందిన నాలుగును లోపలనే యున్నది. ఆ శిక్షయు, ఆ మెప్పును రెండును గాలికి పోయినవే. కాని 17వ తేదీన నలుగురి చుక్కలును పై గీతను దాటి యున్నవి: 19, 22, 18, 21. “ఆనాడేమి జరిగినది?” అంటిని. కొంతసేపాలోచించి, “ఆనాడు క్రొత్త లోడు ఇనుపకడ్డీలు వచ్చినవి మాస్టారూ” అనెను. నలుగురికిని సమానముగా తిట్లు పడుటచే కారణమెవ్వరును అడుగలేదు! అసలైన సాక్ష్యము మూలనుండ, సాక్ష్యము కానిదానిపై తీర్పు జరిగినది. అతడు పని మానలేదు. ఆ పటమును తీసికొనిపోయి మేస్త్రీకి చూపెను. కోసిన కూలి తిరిగి రాలేదు. కాని తరువాత వచ్చిన కడ్డీల గట్టితనమును ముందుగా పరీక్షించుటకు మొదలుపెట్టిరి. నల్లబల్లపై పేర్లు వ్రాయుటయు మానిరి.

ఇంతవరకు చెప్పినది కాగితము, పెన్సిలు చేయు పని. నేటి కర్మాగారములలో ఈ కాగితము స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. కొలుచు చేతి స్థానమును సెన్సారు ఆక్రమించినది. సెన్సారనగా వేడినో, వణకునో, ఒత్తిడినో గ్రహించి విద్యుత్సంకేతముగా మార్చి పంపు చిన్న పరికరము. యంత్రమునకు ఇట్టి జ్ఞానేంద్రియము నమర్చుట మగ్గముతో చాల ముందుకు సాగినది. జపాను దేశములో వడ్రంగి కొడుకైన సాకిచీ టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గము పడుగుపోగు తెగినంతనే తనంతట నిలిచిపోవును. పోగు తెగిన మగ్గము ఆడుచునే యుండిన ఎంత బట్ట చెడునో నేతపని చూచినవారికి చెప్పనక్కరలేదు. తానే నిలుచు మగ్గమును పనివాడు రెప్పవాల్పక కాచియుండనక్కరలేదు. ఒక్కడు అనేక మగ్గములను చూచుకొనగలడు. ఆ మగ్గపు హక్కులను 1929లో ఇంగ్లండు దేశపు ప్లాట్ బ్రదర్సు కంపెనీ కొనెను.

మగ్గము పోగు తెగిన పిదప నిలుచును. తెగకముందే తెలిసికొనుట నేటి విశేషము. ఇరుసుకు కందెన తగ్గినచో బండి అరచును. ఆ యరపును విని చక్రమున దోషమెచట నున్నదో చెప్పగల చెవులు మన యూళ్లలో నుండెడివి. యంత్రములోను అంతియే. నిమిషమునకు 1500 చుట్లు, అనగా సెకనుకు 25 చుట్లు, తిరుగు మోటారు ననుకొనుడు. దాని ఇరుసు బేరింగులో తిరుగును. బేరింగనగా రెండు ఉక్కు కడియముల నడుమ కూర్చిన గుండ్ల వరుస. ఆ గుండ్ల వరుస ఇరుసంత వేగముగా తిరుగదు. సుమారు పదింట నాలుగు పాళ్ల వేగముననే తిరుగును. కావున సెకనుకు పది చుట్లు. గుండ్లు తొమ్మిది యైనచో, కదలని వెలుపలి కడియముపై నువ్వుగింజంత గుంట పడినను, దానిపై సెకనుకు 90 దెబ్బలు తగులును. మోటారు చేయు నానాధ్వనులలో ఈ 90 దెబ్బల లయ యొకటి కొత్తగా చేరును.

మనుష్యుని చెవికి అది అందదు. కాని కలగలుపుగా నున్న కంపనమును విడివిడి లయలుగా విడదీయు గణితపు త్రోవను ఫ్రాన్సు దేశస్థుడు ఫూరియే 1822లో ప్రకటించిన ఉష్ణశాస్త్రగ్రంథములో చూపియుండెను. సెన్సారు పంపిన కంపనమును కంప్యూటరు ఆ త్రోవనే విడదీసి, 90 దెబ్బల లయ వారవారమునకు బలపడుచున్నదా యని చూచును. బలపడుచున్నచో, “ఈ బేరింగు చెడుచున్నది, సెలవుదినమున మార్చుకొనుడు” అని తెలుపును. మార్చుటకు గంటలు పట్టును. మార్చక పని నడుమ విరిగినచో నష్టము ధనమాత్రమున పోదు. చెంతనున్న పనివాని చేయి పోవచ్చును, ప్రాణమే పోవచ్చును.

ఇంకొక మెట్టు ఎక్కుదము. ఎండ మండు దినమున ఎద్దు మేత తగ్గించినచో మీరు కలతపడరు. చల్లనినాడు తగ్గించినచో వెంటనే దాని ముట్టె తడిమి చూతురు. మేత రెండు దినములును ఒక్కటే. కాని రెండవనాడది రోగచిహ్నము. ఏ యంకెయు ఒంటరిగా సాక్ష్యము చెప్పజాలదు. తోడి యంకెతో కలిపి వినవలెను. మోటారు బరువు లాగుచు 60 డిగ్రీలు వేడెక్కుట సహజము. బరువు లేకుండ తిరుగుచు అంతే వేడెక్కుట సహజము కాదు. వేడి హద్దులోనే యున్నది, బరువును హద్దులోనే యున్నది. రెంటి జత మాత్రము పొసగుట లేదు.

ఇట్లు అనేక కొలతల జత పొసగినదో లేదో, పొసగనిచో ఎంత దూరము తప్పినదో, ఒక్క అంకెలో చెప్పు సూత్రము మన దేశమున పుట్టినదే. 1931లో కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిసు దానిని 1936లో ప్రకటించెను. ఆయన దానిని యంత్రముల కొరకు చేయలేదు. మనుష్యుల దేహముల కొలతలను, తలల కొలతలను పోల్చు ప్రయత్నములో అది రూపొందినది. నేడు ‘మహలనోబిసు దూరము’ అను నా కొలతతోనే పెక్కుచోట్ల యంత్రముల రోగమును పట్టుచున్నారు.

ఇంతదాక యంత్రము చెప్పినది వినుటను గూర్చి చెప్పితిని. యంత్రమును అడుగుట మరియొక విద్య. కుమ్మరి ఆవమునందు నడిమి కుండలు ఒకతీరున, అంచు కుండలు ఒకతీరున కాలుట మీరెరుగుదురు. జపాను దేశములో ఇనా అను కంపెనీవారి పెంకుల బట్టీలో 1953 ప్రాంతమున ఇదే చిక్కు వచ్చినది. అంచున పేర్చిన పెంకులు కొలత తప్పుచుండెను. బట్టీలో వేడి అంతట సమానముగా పాకుట లేదు. బట్టీని మార్చవలెనన్నచో గొప్ప ధనవ్యయము. మట్టిలో కలుపు సరకులను మార్చి చూతమన్నచో అట్టివి ఏడు కలవు. ఒక్కొక్కదానిని పాతరీతి, కొత్తరీతి యని రెండు విధముల కలుపవచ్చును. ఏడక్షరముల పాదమునకు గురులఘువులతో ప్రస్తారము వేసినచో 128 భేదములు వచ్చునని ఛందస్సు చదివినవారెరుగుదురు. ఇదియు అట్టిదే. 128 మారులు బట్టీ కాల్చుటకు ఎవరికి ఓపిక?

దీనికి ఎనిమిది మారులు చాలునను ఉపాయము కలదు. మగణము మొదలు నగణము వరకు మూడక్షరముల గణములు ఎనిమిదియే కదా! ఆ యెనిమిదింటిని పునాదిగా గొని ఏడు సరకులకును ఎనిమిది వరుసల పట్టిక కూర్చవచ్చును. అందు ప్రతి సరకును నాలుగుసారులు పాతరీతిని, నాలుగుసారులు కొత్తరీతిని వచ్చును. ఒకటి పాతదిగా నున్న నాలుగింటిలోను తక్కినవి ఒక్కొక్కటి సరిసగముగా పంచుకొని యుండును. కావున ఒక సరకు గుణమును తూచునప్పుడు తక్కినవి ఏ ప్రక్కకును మొగ్గవు. ఇట్టి పరీక్షచే, సున్నపురాయి పాలు పెంచినచో బట్టీలోని వేడి తేడాకు పెంకు లొంగకుండునని తేలినది. బట్టీని ముట్టకుండనే పెంకులు చక్కబడినవి. ఈ పద్ధతిని పరిశ్రమలలో వ్యాపింపజేసినవాడు గెనిచీ టగూచీ.

ఇట్టి పట్టికల గణితమును 1940లలో విస్తరింపజేసినవారు మన తెలుగు బిడ్డ, కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. 1920లో హడగలిలో పుట్టి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తాలో మహలనోబిసుగారి సంస్థలో చేరిరి. టగూచీయు 1954-55లో ఆ సంస్థకు వచ్చి పనిచేసెను. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. ఆ యేడే ఆగస్టు నెలలో 102 ఏండ్ల వయసున వారు దివంగతులైరి.

ఇక దోషములు చెప్పకున్నచో ప్రసంగము ఏకపక్షమగును. మొదటిది దొంగకేక. సెన్సారు నిమిషమునకొక అంకె పంపినచో దినమునకు 1440 అంకెలు. వేయింటికి మూడు చొప్పున ఏ కారణమును లేకుండ గీత దాటునవి దినమునకు సుమారు నాలుగు. సెన్సారులు నూరున్నచో దొంగకేకలు నాలుగువందలు! ‘నాన్నా పులి’ కథలోని తండ్రి వలెనే పనివారు కొన్నాళ్లకు చెవిని పెట్టుట మానుదురు. నిజమైన పులి ఆనాడే వచ్చును. అందుచే ఒక్క చుక్కను గాక వరుసచుక్కలను, పలు కొలతలను కలిపి చూచిన పిదపనే గంట మ్రోగించునట్లు ఏర్పరచవలెను.

రెండవది త్రాసులోని దోషము. సెన్సారే తప్పుగా కొలిచినచో ఎంత గొప్ప గణితమైనను తప్పునే గొప్పగా చెప్పును. మూడవది అన్నింటికన్న పెద్దది: యంత్రము కొరకు పుట్టిన కొలతను మనిషి మెడకు చుట్టుట. పనివాడు నీరు త్రాగుటకు లేచిన నిమిషములు కూడ లెక్కకట్టి, సహజమైన ఊగులాటకు అతనిని దండించుట ఈ శాస్త్రము చెప్పినది కాదు, చెప్పినదానికి విరుద్ధము. చాటలోని మినుములు చేతి దోషము కాదు. చాటలో మినుములు కలిపినవాడే వానిని తీయవలెను.

ఈ మాట చెప్పుచుండగా నా తప్పు నాకు గుర్తునకు వచ్చుచున్నది. ఒక పరీక్షలో 70 మార్కులు వచ్చి, మరుసటిదానిలో 58కి దిగిన బాలుని నేను బెత్తముతో కొట్టినాను. తరువాత వానికి 66 వచ్చినవి; బెత్తము పనిచేసినదని మురిసితిని. ఒక్కసారి ఎక్కువ మార్కులు వచ్చినవానిని మెచ్చుకొంటిని. తరువాత వానికి తగ్గినవి. మెచ్చినచో పిల్లలు చెడుదురని నిశ్చయించుకొంటిని. రెండును మినపగింజల యాటయే యని, శిష్యుని కాగితముపై గీత గీసిన దినమున గాని నాకు తెలియలేదు. ముప్పదియైదేండ్లు అంకెలు వ్రాసితిని. వానిని చదువుట నేర్వలేదు.

కావున పెద్దలారా, మీ పిల్లలు పండుగకు వచ్చి, “మా కార్ఖానాలో అంకెలు ఇట్లు చెప్పుచున్నవి” అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఈ యంకెను దేనితో కొలిచిరి? ఊరకున్నను ఇది ఎంత ఊగును? గీత దాటినచో, ఆనాడు మారినది మనిషియా, సరకా, యంత్రమా? ఈ మూడింటికి సమాధానము చెప్పగలిగినచో వారి కార్ఖానాలో అంకెలు నిజమైన సాక్ష్యము పలుకుచున్నవి. చెప్పలేకపోయినచో, ఇంటిలో జొన్నలును మినుములును ఉండనే యున్నవి. చాట తెప్పింపుడు.

సెలవు.